కొన్న ఆట ఎవరి సొత్తు?



నేను చిత్తూరులో ముప్పదియేండ్లకు పైగా దస్తావేజులు వ్రాసి జీవించినవాడను. క్రయములు, గుత్తలు, భోగ్యములు, భాగపరిష్కారములు ఎన్ని వ్రాసితినో లెక్క చెప్పజాలను. అట్టి నేను పిల్లలు ఫోనులో ఆడుకొను వీడియో గేములను గూర్చి ప్రసంగించుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. ఆ ఆటలు నాకును రావు. కాని ఒక ముసలి రైతు నా యొద్దకు తెచ్చిన తగవు నన్ను ఈ విషయములోనికి దింపినది. విచారించి చూడగా అది ఆటల తగవు కాదు, మనము తరతరములుగా ఎరిగిన క్రయవిక్రయముల తగవే అని తేలినది. అందుచేతనే మీ ముందుంచుచున్నాను.

మామిడి కాపు ముగిసిన దినములలో బంగారుపాళెము దరి పల్లెనుండి ఒక రైతు తన మనుమని వెంటబెట్టుకొని వచ్చెను. పిల్లవానికి పదునారేండ్లు. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నందులకు తాత సంతోషించి, వాడు కోరిన కార్ల పందెపు ఆటను తన ఫోనునుండి తానే డబ్బు చెల్లించి కొనియిచ్చెను. ఆటకు 1,400 రూపాయలు. కొన్ని మాసముల పిమ్మట ఆటలో నడుపుకొనుటకు మరియొక కారు కావలెననగా దానికి 600 రూపాయలు. కాయకు గిట్టుబాటు ధర లేని ఏటిలో రెండువేలు రైతుకు చిన్న మొత్తము కాదు. ఒక ఉదయమున పిల్లవాడు ఆటను తెరచి చూడగా, సేవ ముగిసినదని ఒక్క వాక్యము మాత్రము కనబడెను. ఆటయు లేదు, కారును లేదు.

తాత నన్నడిగిన ప్రశ్న ఇది: "సామీ, సంతలో ఎద్దును కొని ఇంటికి తోలుకొని వస్తిమి. అమ్మినవాడు రాత్రి వచ్చి కొట్టములోని ఎద్దును విప్పుకొని పోతే దొంగతనమంటాము గదా. దీన్నేమంటారు?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. నాలుగు దినములు గడువడిగి, చట్టములను తిరుగవేసి, తెలిసినవారినడిగి, నేను తెలిసికొన్నది నేడు మీకు మనవి చేయుచున్నాను.

ముందుగా, పోయిన వస్తువెట్టిదో చూతము. ఫోనులోనికి దింపుకొన్న ఆటలో కొంత భాగము మాత్రమే మన ఫోనులో ఉండును. మిగిలినది కంపెనీవారు ఎక్కడనో నడుపుచున్న పెద్ద కంప్యూటరులో ఉండును. దానిని సర్వరు అందురు. మన బోరుబావిని తలచుకొనుడు. మోటారు మనది, పైపులు మనవి, నీరు మన భూమిలోనిది. కాని స్తంభమునుండి వచ్చు కరెంటు ఆగినదా, మోటారు ఇనుపముద్దయే. అట్లే సర్వరు ఆగినచో ఫోనులోని ఆట ఉన్నను లేనట్లే. కరెంటుతో పనిలేని కపిలబావి వంటి ఆటలును కలవు. అవి ఒకసారి ఫోనులోనికి దిగిన పిమ్మట సర్వరుతో నిమిత్తము లేకయే ఆడును. కొనువాడు మొట్టమొదట తెలిసికొనవలసిన భేదమిదియే.

ఇక ఈ ఆటలు ఏయే విధముల పోవుచున్నవో చెప్పెదను.

మొదటి విధము, అమ్మకము మాత్రము ఆపుట. క్రొత్తవారికి అమ్మరు, ముందు కొన్నవారిది పోదు. ఇందులో మనకు తగవు లేదు.

రెండవ విధము, అమ్మిన ఆటలోనుండి ఒక భాగమును తీసివేయుట. గ్రాండ్ తెఫ్ట్ ఆటో 4 అను ఆట 2008లో వెలువడినది. అందులో కారు నడుపుచు వినుటకు రేడియో పాటలుండెను. ఆ పాటలను వాడుకొనుటకు కంపెనీవారు పాటల స్వంతదారుల యొద్ద పొందిన అనుమతి గడువు తీరుటచే, 2018 ఏప్రిలులో పెక్కు పాటలను తొలగించిరి. క్రొత్తగా అమ్ము ప్రతులలోనే కాదు, అంతకుముందే వెల యిచ్చి కొన్నవారి ప్రతులలోనుండి కూడ అవి పోయినవి. ఇల్లు కొన్నవానికి, ఆ ఇంటి తలుపులు పొరుగువాని యొద్ద బాడుగకు తెచ్చి బిగించినవని పదేండ్లకు తెలిసిన చందము.

మూడవ విధము, సర్వరును ఆపివేయుట. యూబీసాఫ్ట్ అను ఫ్రెంచి కంపెనీవారు ది క్రూ అను కార్ల పందెపు ఆటను 2014లో విడుదల చేసిరి. ఒంటరిగా ఆడుకొనువానికి కూడ సర్వరుతో సంబంధము ఉండితీరవలెనను విధముగా దానిని నిర్మించిరి. 2024 మార్చి 31న సర్వరును ఆపిరి. అంతటితో ఆట ఎవరికిని నడువదయ్యెను. పిమ్మట కొన్నవారి ఖాతాలలోనుండి దాని అనుమతిని కూడ తీసివేసిరి. మన రైతు మనుమనికి జరిగినది ఈ మూడవ విధమునకు చేరినదే, కంపెనీ వేరు.

నాలుగవ విధము, ప్రభుత్వాజ్ఞ. మన పల్లెలలో పిల్లలు విరివిగా ఆడిన పబ్జీ మొబైల్ అను ఆటను, మరి 117 యాపులతో కూడ, భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరు 2న నిషేధించెను. అదే ఏడు అక్టోబరు 30న ఆ ఆట మన దేశములో పూర్తిగా ఆగిపోయెను. ఆటలోని దుస్తులకు, తుపాకులకు పిల్లలు పెట్టిన డబ్బు అందులోనే చిక్కినది. 2021 జూలై 2న బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను పేర దాని స్థానమున మరియొక ఆట వచ్చినపుడు, పాత ఖాతాలోని వస్తువులను క్రొత్త ఆటలోనికి తెచ్చుకొనుటకు కొంతకాలము అవకాశమిచ్చిరి. ఆ ఆటయు 2022 జూలైలో అంగళ్లనుండి తొలగింపబడి, 2023 మేలో మరల వచ్చెను. గరీనా ఫ్రీ ఫైర్ అను మరియొక ఆట 2022 ఫిబ్రవరిలో నిషేధింపబడెను. ప్రభుత్వాజ్ఞ వలన పోయినదానికి కంపెనీని తప్పు పట్టుట కష్టము. కాని దీనినిగూర్చియు మన పాత చట్టమొకటి ఒక మాట చెప్పుచున్నది. దానిని తరువాత మనవి చేసెదను.

ఇప్పుడు తాత ప్రశ్నకు వత్తును. అమ్మినదానిని తీసికొని పోయిరా, లేక అసలు అమ్మనేలేదా?

క్రయ దస్తావేజు వ్రాయునపుడు మేము వాడు మాటలు మీలో చాలమందికి కంఠస్థమే. అమ్మువాడు తన హక్కును సర్వమును వదలుకొనును. కొన్నవాడు పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించుకొనవలసినది అని వ్రాయుదుము. ఈ ఆస్తిపై ఎవరివలన ఏ తగాదా వచ్చినను నా స్వంత ఖర్చులతో నివృత్తి చేయగలవాడనని అమ్మువాడు ఒప్పుకొనును. గుత్త కాగితమున ఇట్టి మాటలుండవు. తోట స్వంతదారునిదే. గుత్తదారుడు ఇన్ని కాపులు, ఇంత మొత్తము, ఫలానా నెల వరకు అని ఒప్పుకొని కాయ కోసికొని పోవును. అతడు చెట్టును నరుకరాదు, అమ్మరాదు. గడువు తీరగానే తప్పుకొనవలెను. అయితే గడువు తీరకముందు స్వంతదారుడును అతనిని వెళ్లగొట్టరాదు. క్రయమునకు శాశ్వతత్వము బలము, గుత్తకు గడువు బలము.

మనుమడు ఆ ఆటను ఫోనులోనికి దింపుకొన్నపుడు "అంగీకరించుచున్నాను" అను గుర్తును నొక్కెను. దాని వెనుక పొడవైన ఆంగ్ల ఒప్పందమొకటి కలదు. పిల్లవాడు చదువుచు అర్థము చెప్పగా నేను వింటిని. గంటకు పైగా పట్టెను. దాని సారాంశమిది: ఆటను మీకు అమ్ముట లేదు, ఆడుకొనుటకు పరిమితమైన అనుమతి నిచ్చుచున్నాము, దానిని మేము ఏ సమయముననైనను రద్దు చేయవచ్చును. ఈ అనుమతినే లైసెన్సు అందురు. కాని అంగడి పుటలో తాత నొక్కిన గుర్తుపై నున్న మాట "కొనుము" అనియే. వెలయు ఒక్కమారుగా పూర్తిగా చెల్లింపబడెను, నెలనెల బాడుగగా కాదు.

నాకు తోచిన అసలు తప్పు ఇక్కడ ఉన్నది. పుచ్చుకొన్న సొమ్ము క్రయపు సొమ్ము. ఇచ్చిన హక్కు గుత్త హక్కు. ఆ గుత్తకైనను గడువు లేదు. గడువు లేని గుత్తను నేను నా వృత్తికాలములో ఒక్కటియు వ్రాయలేదు. ఇల్లు బాడుగకిచ్చి గడువు వ్రాసికొనకున్నను, పదునైదు దినముల నోటీసు లేనిదే బాడుగదారుని లేవగొట్టరాదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. వెల మొత్తము ముందే యిచ్చినవాడు బాడుగదారునికన్న తక్కువవాడు కాగూడదు.

ఈ ఆలోచన మనకే వచ్చినది కాదు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీవారు, కిండిల్ అను తమ పుస్తకపు యంత్రమునుండి జార్జి ఆర్వెల్ వ్రాసిన రెండు పుస్తకములను, కొన్నవారినడుగకయే దూరమునుండి తొలగించిరి. వానిని ఆ అంగడిలో పెట్టినవారికి అమ్ము హక్కు లేకపోవుట అందులకు కారణము. వెల తిరిగి యిచ్చిరి, కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పెను. అయినను, ఇంటిలోని పుస్తకమును అంగడివాడు దూరమునుండి తీసికొనగలడని జనులకు మొదటిసారి తెలిసినది. ది క్రూ ఆట ఆగిన పిమ్మట యూరపు ఖండములో ఆటగాండ్రు ఒక ఉద్యమమునారంభించిరి. అమ్మిన ఆటను ఆడుకొనుటకు వీలులేని స్థితిలో వదలిపోరాదని వారి కోరిక. 2025 జూలై ముగియునాటికి వారి విజ్ఞాపనపై పదిలక్షలకు మించిన సంతకములు చేరినవి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక చట్టము చేసి, 2025 జనవరి 1నుండి అమలుపరచినది. దాని ప్రకారము, ఇచ్చునది లైసెన్సు మాత్రమేయని కొనువానికి స్పష్టముగా తెలుపక, ఇట్టి సరకునకు "కొనుము" అను మాటను వాడరాదు. శాశ్వతముగా దింపుకొని సర్వరు లేకయే వాడుకొనగల సరకునకు ఆ నిబంధన లేదు. అనగా క్రయమును క్రయమనుము, గుత్తను గుత్త యనుము అని ఆ చట్టము చెప్పుచున్నది.

మన దేశమున ఇట్టి తగవులకై ప్రత్యేకమైన చట్టము లేదు. అంతమాత్రమున మనకు దిక్కు లేదనుకొనరాదు. మూడు ఆధారములు కలవు.

మొదటిది 1930 నాటి సరకుల విక్రయ చట్టము. దాని 14వ సెక్షను ప్రకారము, సరకును అమ్మువాడు దానిని అమ్ము హక్కు తనకున్నదనియు, కొన్నవాడు దానిని నిరాటంకముగా అనుభవించుననియు పూచీ యిచ్చినట్లే భావింపవలెను. దస్తావేజులలో మేము వ్రాయు తగాదా నివృత్తి పూచీ ఇదియే. కాగితమున వ్రాయకున్నను చట్టమే దానిని చేర్చుచున్నది. కాని చేతికి చిక్కని ఆట సరకగునా? ఇందులకు మన రాష్ట్రమునుండి పోయిన వ్యాజ్యమే మార్గము చూపినది. కంప్యూటరు ప్రోగ్రాములపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన 1957 నాటి చట్టము క్రింద అమ్మకపు పన్ను అడుగగా, అవి కేవలము మేధాసంపద, సరకులు కావు అని టాటా కన్సల్టెన్సీ కంపెనీవారు వాదించిరి. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల పీఠము, బిళ్లపైకెక్కించి అంగడిలో అమ్ము ప్రోగ్రాము సరకేయని తీర్పు చెప్పెను. పన్ను వేయునపుడు సరకైనది, కొన్నవాడు అడుగునపుడు గాలి కాగూడదు గదా. అయితే ఆ తీర్పు పన్నును గూర్చినది, బిళ్లకెక్కిన ప్రోగ్రామును గూర్చినది. నేటి ఆట బిళ్ల లేకయే వచ్చుచున్నది. కంపెనీవారు ఈ భేదమును చూపి వాదింపగలరు.

అందుచేత రెండవ ఆధారము ముఖ్యమైనది. అది 2020 జూలైలో అమలునకు వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము. ఇది సరకును, సేవను రెంటిని కప్పుచున్నది. ఇంటర్నెట్టు ద్వారా జరుగు అమ్మకములను, డిజిటల్ సరకులను పేరెత్తి చేర్చినది. కనుక ఆటను సరకనినను సేవయనినను కంపెనీ తప్పించుకొనజాలదు. సరకైనచో లోపమును గూర్చి, సేవయైనచో కొరతను గూర్చి అడుగవచ్చును. ముఖ్యమైన సంగతిని దాచి చేయు ప్రకటన తప్పుదారి పట్టించు ప్రకటనయని ఈ చట్టము చెప్పుచున్నది. అన్యాయమైన ఒప్పందము అనగా నేమో కూడ నిర్వచించినది. తగిన కారణము లేకయే ఒక పక్షమువారు తమంతట ఒప్పందమును రద్దు చేసికొను షరతు అందులో నొకటి. "మేము ఏ సమయముననైనను రద్దు చేయవచ్చును" అను మాటను ఈ నిర్వచనము ప్రక్కన పెట్టి చూడుడు.

మూడవది 1872 నాటి కాంట్రాక్టు చట్టము. ప్రభుత్వాజ్ఞను గూర్చి మనవి చేసెదనంటినే, ఆ మాట ఇందున్నది. ఒక ఒప్పందము నెరవేర్చుట చట్టవిరుద్ధమైనచో అది చెల్లకుండ పోవును. అట్లు చెల్లకపోయినపుడు దానివలన లాభము పొందినవాడు దానిని తిరిగి యీయవలెను, లేదా పరిహారము చెల్లింపవలెనని 65వ సెక్షను చెప్పుచున్నది. నిషేధమునకు ముందు దినము పుచ్చుకొన్న సొమ్మును గూర్చి ఈ సూత్రమును పట్టుకొని అడుగవచ్చును.

న్యాయము చెప్పవలెననిన, కంపెనీ పక్షమును గూడ వినవలెను. సర్వరు నడుపుటకు ప్రతి దినము ఖర్చు అగును. ఆడువారు నూరుగురు మిగిలినపుడు లక్షమందికి చాలు యంత్రమును నడుపుమనుట ధర్మము కాదు. ఏ బండియు ఎల్లకాలము తిరుగదు. కావున ఎల్లకాలము నడుపుమని మనము కోరుట లేదు. మనము కోరవలసినవి మూడే. అమ్మునపుడే, ఇది గుత్తయనియు ఫలానా కాలము వరకు తప్పక నడుచుననియు చెప్పవలెను. ఆపునపుడు తగినంత ముందుగా తెలుపవలెను. ఆపిన పిమ్మట, వీలైనచోట సర్వరు లేకయే ఆడునట్లు ఆటను మార్చి యీయవలెను, లేదా అనుభవింపని కాలమునకు తగిన సొమ్ము తిరిగి యీయవలెను. గుత్తదారుని కాపు నడుమ తప్పించిన తోట స్వంతదారుని మన పంచాయతీలలో ఇదియే గదా అడుగుదురు.

పిల్లల విషయమై ఒక మాట. పదునెనిమిదేండ్లు నిండనివాడు చేసిన ఒప్పందము చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు మోహరీ బీబీ వ్యాజ్యములో తీర్పు చెప్పెను. నేటికిని అదియే న్యాయము. కాని పిల్లవాడు మీ ఫోనులో మీ రహస్య సంఖ్యను నొక్కినచో, అంగడివానికి కనబడువారు మీరే. ఆ డబ్బు చెల్లించినది నేను కానని తరువాత నిరూపించుట భారము. రహస్య సంఖ్యను బీరువా తాళపుచెవివలె మీ యొద్దనే ఉంచుకొనుడు. పెద్దలే కొని పిల్లవానికిచ్చినచో భయము లేదు. కొన్నవాని అనుమతితో వాడువాడును వినియోగదారుడేయని చట్టము చెప్పుచున్నది. మైనరు పక్షమున తల్లిదండ్రులు గాని చట్టసమ్మతుడైన సంరక్షకుడు గాని ఫిర్యాదు చేయవచ్చును. డబ్బు పందెముగా ఒడ్డు ఆటల సంగతి వేరు. వానిని నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేసినది. నా ప్రసంగము వానిని గూర్చి కాదు.

ఇక చేయవలసిన పని. కొనకముందు పిల్లవానిని మూడు ప్రశ్నలడుగుడు. ఇంటర్నెట్టు లేకున్నను ఈ ఆట ఆడునా? ఒక్కమారు చెల్లించిన చాలునా, లోపల మరల కొనవలెనా? ఎంతకాలము నడుపుదుమని కంపెనీవారు ఎక్కడనైన వ్రాసిరా? మొదటి ప్రశ్నకు లేదను జవాబు వచ్చినచో, అది క్రయము కాదు, గడువు తెలియని గుత్త యని తెలిసి, గుత్తకు తగిన వెలయే యిండు.

కొన్న పిమ్మట రసీదును, బ్యాంకునుండి వచ్చిన సందేశమును, అంగడి పుటలోని "కొనుము" అను మాటతో సహా తీసిన చిత్రమును దాచుడు. దస్తావేజు పోయినవాడు ఎంత అరచినను లాభము లేదు. ఇదియు అంతే.

ఆట పోయినచో మొదట కంపెనీవారి ఫిర్యాదు అధికారికి వ్రాయుడు. అంతర్జాల వ్యాపారులందరు అట్టి అధికారిని నియమింపవలెనని 2020 నాటి ఇ-కామర్సు నియమములు చెప్పుచున్నవి. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినదని తెలిపి, నెల దినములలో పరిష్కరింపవలెను. కంపెనీ విదేశమునదైనను, మన దేశములోని కొనుగోలుదారులకు క్రమముగా అమ్ముచున్నచో ఈ నియమములు దానికిని వర్తించును. జవాబు రాకున్న, వచ్చినది తృప్తి కలిగింపకున్న, 1915 అను సంఖ్యకు ఫోను చేయుడు. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. తెలుగులోనే చెప్పుకొనవచ్చును.

అప్పటికిని కాకున్న జిల్లా వినియోగదారుల కమిషను కలదు. మన ప్రాంతమున చిత్తూరులోను తిరుపతిలోను కలవు. పూర్వము అమ్మినవాడున్న చోటికో తగవు పుట్టిన చోటికో పోవలసి వచ్చెడిది. 2019 చట్టము వచ్చిన పిమ్మట ఫిర్యాదుదారుడు తాను నివసించు చోటనే దాఖలు చేయవచ్చును. చెల్లించిన వెల 50 లక్షలు మించనంతవరకు జిల్లా కమిషను విచారించును. 5 లక్షల వరకు రుసుము లేదు. వకీలు ఉండితీరవలెనను నిర్బంధము లేదు. తగవు పుట్టిన దినమునుండి రెండేండ్లలోగా వేయవలెను. ఇ-జాగృతి అను ప్రభుత్వ పోర్టలు ద్వారా ఇంటినుండియే పంపవచ్చును. అయితే ఒప్పందములోని షరతే అన్యాయమైనది, దానిని కొట్టివేయుడు అని అడుగవలెనన్న జిల్లా కమిషనుకు కాదు, విజయవాడలోని రాష్ట్ర కమిషనుకు పోవలెను.

మా రైతు కథ ముగింపు చెప్పి సెలవు తీసికొందును. అతని పేర నేనే ఫిర్యాదు వ్రాసితిని. మనుమడు దానిని ఆంగ్లములోనికి మార్చి పంపెను. మొదటి జవాబు వెంటనే వచ్చెను. మీకిచ్చినది లైసెన్సు మాత్రమే, తిరిగి యీయవలసినదేమియు లేదు అని. అంతట 1915కు ఫోను చేసితిమి. తాతయే మాటలాడెను. ఎద్దు కథ వారికిని చెప్పెను. అయిదు వారముల పిమ్మట కారుకు చెల్లించిన 600 రూపాయలు ఖాతాలో పడినవి. ఆట ఆగుటకు కొద్ది నెలల ముందు కొన్నందున దానిని తిరిగి యిచ్చుచున్నామని వ్రాసిరి. ఆటకిచ్చిన 1,400 రాలేదు.

కమిషనుకు పోవుదువా అని అడిగితిని. రెండేండ్ల గడువున్నది గదా, వచ్చే కాపు చూచుకొని చెప్పెదననెను. కాగితములన్నియు ఒక సంచిలో పెట్టి, తన భూమి పట్టాలున్న పెట్టెలోనే దాచుకొన్నాడు. వెళ్లుచు మనుమనితో, "ఇకమీద ఏదైనా కొనేటప్పుడు ఆ ఇంగ్లీషు కాగితం నాకు చదివి చెప్పి, ఆ తరువాత నొక్కు" అనెను. పిల్లవాడు, "అది చదివేలోగా తెల్లవారుతుంది తాతా" అనెను. "తెల్లవారనీ, కాపలా ఉంటాను" అని తాత బదులు చెప్పెను.

మీ ఇండ్లలోను ఇట్టి పిల్లలున్నారు. వారు నొక్కకముందు ఒక్కమారు ప్రక్కన కూర్చుండుడని నా మనవి.